కీచుమంటోందా, చిటపటమంటోందా?

రాత్రి తొమ్మిది దాటి వీధి సద్దుమణిగాక ఇంట్లో వైఫై డబ్బా మోత వినబడుతుంది. ఒక ఇంట్లో సన్నగా కీచుమంటుంది, ఇంకో ఇంట్లో గుయ్‌మంటుంది, మరో ఇంట్లో ఉండి ఉండి టిక్కుమంటుంది. తల్లిదండ్రుల సమావేశాల్లో మార్కుల సంగతి అయిపోయాక ఈమధ్య మమ్మల్ని తరచుగా అడుగుతున్న ప్రశ్నల్లో ఇదొకటి. ‘సార్, అది పేలుతుందా?’ అని ఒక తల్లి, ‘ఆ శబ్దానికి పిల్లల చెవులు పాడవుతాయా?’ అని ఒక తండ్రి. ఒకాయనైతే రాత్రిళ్ళు ప్లగ్గు పీకేసి పడుకుంటున్నానన్నారు. వాళ్ళబ్బాయి చదువుకునేదే ఆ వేళలో.

మన బడుల పిల్లలకు ఆ డబ్బా అవసరం ఎంతో మనకు తెలిసిందే. బళ్ళారిలోనో హోసూరులోనో పర్లాకిమిడిలోనో దుకాణానికెళ్ళి తెలుగు మాధ్యమం సైన్సు పుస్తకమో మాదిరి ప్రశ్నపత్రమో అడిగితే దొరకడం అరుదు. దీక్షా యాప్‌లో పాఠం చూసుకోవాలన్నా, ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకం దించుకోవాలన్నా ఇంటర్నెట్టే దారి. కాబట్టి ఏ మోతకు భయపడాలో, దేన్ని పట్టించుకోనక్కర లేదో ఇంట్లోవాళ్ళకు తెలిసి ఉండటం మంచిది.

ముందుగా మోత ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. డబ్బాలోంచే అని అందరూ అనుకుంటారు గానీ, చాలాసార్లు అది గోడకు గుచ్చిన అడాప్టరు మోత. ఇళ్ళలో వాడే రూటర్లలో దాదాపు అన్నింటికీ ఫ్యాను ఉండదు, తిరిగే భాగమే ఉండదు. ఫైబర్ కనెక్షనైతే ఆ గాజు పోగులో నడిచేది వెలుగు, దానికి చప్పుడు చేసే అవకాశమే లేదు. ఒక నోటుపుస్తకం కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక కొస చెవికి ఆనించి, రెండో కొసను వస్తువుకు తాకించకుండా దగ్గరగా పట్టుకోండి. అడాప్టరా, డబ్బానా, పక్కనున్న ఇన్వర్టరా అన్నది అర నిమిషంలో తేలిపోతుంది. 1816లో ఫ్రాన్సు వైద్యుడు లెన్నెక్ గుండె చప్పుడు వినడానికి మొదట చుట్టిందీ ఇలాంటి కాగితం గొట్టమే, స్టెతస్కోపు అలాగే పుట్టింది. ఈ పని పెద్దవాళ్ళే చేయాలి. ప్లగ్గు దగ్గర చిటపటలాడుతుంటే మాత్రం చెవి అటు పెట్టనే వద్దు.

తర్వాత, ఆ మోతకు పేరు పెట్టండి. ఇందులో మన భాష చాలా సాయం చేస్తుంది. తెలుగు వాచకంలో పిల్లలు చదివే ధ్వన్యనుకరణ పదాలున్నాయే, అవి ఇక్కడ అక్కరకొస్తాయి. గుయ్, కీచు, టిక్కు, చిటపట అనే నాలుగు మాటలకు నాలుగు వేర్వేరు కారణాలున్నాయి.

గుయ్‌మనేది ఎక్కువగా పాతకాలపు బరువైన అడాప్టరు. చేతిలో పట్టుకుంటే ఇనుపముక్కలా ఉంటుంది, లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. మన ఇళ్ళకొచ్చే కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు. ఒక్కో ఆవృత్తిలో ట్రాన్స్‌ఫార్మర్‌లోని ఇనుప రేకులు రెండుసార్లు రవ్వంత సాగి ముడుచుకుంటాయి. అందుకే సెకనుకు వంద కంపనాల మంద్రమైన మోత వస్తుంది. వీధి చివర పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ చేసేదీ ఇదే మోత. కొన్ననాటి నుంచీ ఒకేలా ఉంటే దానికి భయం లేదు. కరెంటు పోయి ఇన్వర్టరు మీద నడిచేటప్పుడు మోత పెరగడమూ మామూలే. చవక ఇన్వర్టర్లు ఇచ్చే కరెంటు నునుపుగా ఉండదు, గతుకుల రోడ్డు మీద బండిలా ఇనుప రేకులు కాస్త గట్టిగా మోగుతాయి.

కీచుమనేది ఇప్పటి తేలికపాటి అడాప్టరు. ఇందులో కరెంటును సెకనుకు పదుల వేలసార్లు, అంతకన్నా ఎక్కువసార్లూ, తెంచి కలుపుతూ వోల్టేజీ తగ్గిస్తారు. ఆ వేగం మనిషి చెవికి అందదు. అయితే రూటరు పెద్దగా పనిలేకుండా ఉన్నప్పుడు కొన్ని అడాప్టర్లు ఆగి ఆగి పనిచేస్తాయి. అప్పుడు లోపలి తీగచుట్ట కంపించి ఆ కంపనం చెవికందే స్థాయికి దిగుతుంది. పెద్ద ఫైలు దించుకోవడం మొదలుపెట్టగానే కీచు మారితే, లేదా ఆగిపోతే, సంగతి ఇదే అనుకోవచ్చు.

ఇక్కడ పెద్దవాళ్ళు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. చిన్నపిల్లల చెవి సెకనుకు ఇంచుమించు 20,000 కంపనాల వరకు వింటుంది. వయసు పెరిగేకొద్దీ ఆ పైస్థాయి శబ్దాలే ముందుగా చెవికి దూరమవుతాయి. మా తరగతిలో ఒక చార్జరు కీచుమంటోందని ఆరో తరగతి పిల్లలు చెవులు మూసుకుంటే, టీచర్లం ముగ్గురం నిలబడి విన్నా మాకేమీ వినబడలేదు. ఫోనులో ‘ఫైఫాక్స్’ అనే ఉచిత యాప్ తెరిచి చూస్తే పిల్లలు చెప్పిన చోటే గీత నిట్టనిలువుగా లేచింది. జర్మనీలోని ఆకెన్ విశ్వవిద్యాలయం వాళ్ళు తయారుచేసిన యాప్ అది, భౌతికశాస్త్రం చెప్పేవాళ్ళకు మరెన్నో విధాల పనికొస్తుంది. కాబట్టి ‘అమ్మా, అది కీచుమంటోంది, చదవలేకపోతున్నాను’ అని పిల్లవాడంటే చదువు ఎగ్గొట్టే సాకని వెంటనే కొట్టిపారేయకండి. వాడికి నిజంగానే వినబడుతుండవచ్చు.

చెవులు పాడవుతాయా అన్న ప్రశ్నకు జవాబు: పాడవవు, ఆ శబ్దం చాలా చిన్నది. సోలాపూర్, భివండీల్లో మరమగ్గాల మధ్య రోజంతా నిలబడే మనవాళ్ళ చెవులకున్న ముప్పు ముందు ఇది లెక్కలోకే రాదు. చికాకు మాత్రం నిజం. డబ్బాను, అడాప్టరును పిల్లలు చదువుకునే బల్లకు దూరంగా, గాలి తగిలే చోట పెడితే చాలు. మోత తగ్గించాలని గుడ్డ చుట్టడం, అలమరలో మూసిపెట్టడం వద్దేవద్దు. వేడి బయటికి పోక అసలే పాడవుతుంది.

టిక్కుమనే మోతలో రకాలున్నాయి. ఎప్పుడో ఒకసారి వినబడేది వేడికి సాగి చల్లబడేటప్పుడు ముడుచుకునే ప్లాస్టిక్ చప్పుడు కావచ్చు. స్టెబిలైజరు, ఇన్వర్టరు, చిన్న యూపీఎస్ ఉన్న ఇళ్ళలో వోల్టేజీ దిగినప్పుడల్లా లోపలి రిలే టక్కుమంటుంది. పక్క షెడ్డులో మగ్గాల మోటార్లు మొదలయ్యే వేళకు ఇది వినబడితే ఆశ్చర్యపోనక్కర లేదు. గడియారంలా సెకనుకోసారి టిక్కుమంటూ, దానితోపాటు డబ్బా లైట్లు వెలిగి ఆరుతుంటే మాత్రం అది జబ్బే. అప్పుడు డబ్బా వెనుక గుచ్చిన సన్నపిన్నును లాగి చూడండి. పిన్ను తీశాక కూడా అడాప్టరు టిక్కుమంటూనే ఉంటే పోయింది అడాప్టరు. తీయగానే ఆగిపోతే, డబ్బా లోపల ఏదో కరెంటును ఎక్కువగా గుంజుకుంటోందని అనుమానించవచ్చు. కొత్తగా మొదలైన కీచు, దానితోపాటు రూటరు తనంతట తానే ఆగి మళ్ళీ మొదలవడం కనబడినా ముందు అడాప్టరునే అనుమానించాలి. లోపలి కెపాసిటర్లు వేడికి ఎండిపోయాయన్నమాట.

ఇక చిటపట. దీని దగ్గర పరీక్షలు, యాప్‌లు ఏమీ పెట్టుకోవద్దు. వేరుశనగలు వేగుతున్నట్టు చప్పుడు, కాలిన ప్లాస్టిక్ వాసన, సాకెట్ చుట్టూ గోధుమరంగు మరక, వీటిలో ఏది కనబడినా ప్లగ్గు లాగడానికి చెయ్యి పెట్టకండి. ముందు స్విచ్ కట్టేయండి. చిటపట స్విచ్చులోనే ఉంటే మెయిన్ దించేయండి. సాకెట్‌లో ప్లగ్గు వదులై నిప్పురవ్వలు పుట్టడం దీనికి ఎక్కువగా కనబడే కారణం. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు రూటరు, టీవీ, ఇస్త్రీపెట్టె కలిపి గుచ్చే ఇళ్ళలో ఈ ముప్పు ఎక్కువ. యానాం లాంటి చోట్ల సముద్రపు ఉప్పుగాలికి సాకెట్‌లోని ఇత్తడి రేకులు పాచిపట్టి పట్టు వదిలేస్తాయి. చీమలూ బల్లులూ వెచ్చదనం కోసం స్విచ్‌బోర్డులో చేరడం ఏ ఊళ్ళోనైనా ఉన్నదే. బాగుచేయడం ఎలక్ట్రీషియన్ పని. అమ్మానాన్నా పనికి వెళ్ళి పిల్లలు ఒంటరిగా ఉండే ఇళ్ళలో మెయిన్ స్విచ్ ఎక్కడుందో, ఎలా దించాలో కాస్త పెద్దపిల్లలకు ముందే చూపించి ఉంచండి.

కొత్త అడాప్టరు కొనేటప్పుడు పిన్ను పట్టిందా లేదా అని మాత్రమే చూసి తెచ్చేస్తుంటారు. 9 వోల్టుల డబ్బాకు 12 వోల్టుల అడాప్టరు పిన్ను చక్కగా పట్టవచ్చు, డబ్బా కాలిపోనూవచ్చు. వోల్టులు పాతదానితో సరిగ్గా సమానంగా ఉండాలి. ఆంపియర్లు సమానంగానో ఎక్కువగానో ఉండాలి. ప్లస్ లోపలా బయటా అని చూపే చిన్న గుండ్రటి బొమ్మ రెండింటి మీదా ఒకేలా ఉండాలి. ఐఎస్ 13252 అన్న ప్రమాణం సంఖ్య, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ రిజిస్ట్రేషన్ సంఖ్య ఉన్నాయేమో చూసి తీసుకోండి. పాత అడాప్టరును దుకాణానికి వెంట తీసుకెళ్ళడం అన్నింటికన్నా తేలిక.

కంపెనీవాళ్ళకు ఫోను చేస్తే మొదట వచ్చే మాట ‘రీస్టార్ట్ చేయండి’. ఆ మాట తమిళంలోనో కన్నడంలోనో మరాఠీలోనో ఒడియాలోనో వస్తుంది. ‘సత్తం వరుదు’ అన్నా ‘ఆవాజ్ యేతో’ అన్నా శబ్దం వస్తోందనే తప్ప ఎలాంటి శబ్దమో అవతలివారికి తెలియదు. అందుకని మోతను ఫోనులో పావు నిమిషం రికార్డు చేసి ఉంచుకోండి. మోత అడాప్టరుదా డబ్బాదా, ఎప్పటి నుంచి వస్తోంది, ఆ సమయంలో ఏ లైటు ఎర్రగా వెలుగుతోంది అన్నవి ఒక కాగితం మీద రాసుకుంటే, బడిలో రాష్ట్రభాష నేర్చిన పిల్లలు చక్కగా చెప్పేస్తారు. వాళ్ళొచ్చి ఫైబర్ తీగ ఊడదీసినప్పుడు దాని కొసలోకి తొంగి చూడవద్దని మాత్రం పిల్లలకు చెప్పండి. అందులోని లేజర్ వెలుగు కంటికి కనబడదు.

పాడైన అడాప్టరు బరువైన రకమైతే పారేయకుండా మీ బడి సైన్సు టీచరుకు ఇవ్వండి. లోపలి రాగి తీగచుట్టలు, ఇనుప రేకులు విద్యుదయస్కాంతత్వం పాఠానికి పనికొస్తాయి. తేలిక రకాన్ని మాత్రం ఇంట్లో ఎవరూ విప్పకండి. ప్లగ్గు తీసిన తర్వాత కూడా కెపాసిటరులో షాకు కొట్టేంత కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది.