కవిలెకట్టలలో తాతముత్తాతలు

తద్దినమునాడు పురోహితుడు పలికించు పేర్లు మూడే: తండ్రి, తాత, ముత్తాత. పెండ్లిలో ప్రవర చెప్పునప్పుడును ఆ మూడు తరములే వినబడును. నాలుగవ పేరు అడిగినచో ఇంటి పెద్ద దూలముల వంక చూచును. గుంటూరు, ఒంగోలు సీమల రేగడి పల్లెలలో ఒకప్పుడు రైతు ఇండ్లకు ఈ లోటును పిచ్చుకుంట్లవారు తీర్చెడివారు. కోతల కాలమున కళ్ళములకు వచ్చి, గోత్రమును, ఇంటిపేరును, మూలపురుషుని కథను పాడి, గింజలు పుచ్చుకొని పోయెడివారు. ఆ రాకపోకలు నేడు చాలవరకు సన్నగిల్లినవి. ఊరు విడిచి నగరములందును, సముద్రముల కావలను స్థిరపడిన మనుమలు మాత్రము "మనవారెవరు? ఎచ్చటినుండి వచ్చినారు?" అని అడుగుట మానలేదు. సమాధానము కొంతవరకు ప్రభుత్వపు దస్త్రములలో కలదు. అయితే ఆ దస్త్రములు వంశకీర్తికై పుట్టినవి కావు, శిస్తుకై పుట్టినవి. ఈ సంగతి మరచినవాడు దారి తప్పును.

వెదుకువానికి మొదట కావలసినది ఊరి పేరు. పిదప ఆ ఊరు ఏనాడు ఏ జిల్లాలో ఉండినదో తెలియవలయును. గుంటూరు సర్కారు 1788లో కుంఫిణీ ఏలుబడిలోనికి వచ్చినది. 1859లో గుంటూరు జిల్లా రద్దయి కృష్ణా జిల్లాలో కలిసినది. 1904లో మరల వేరు జిల్లా అయినప్పుడు నెల్లూరునుండి ఒంగోలు తాలూకా వచ్చి దానిలో చేరినది. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశము పేరు ధరించినది. 2022లో పల్నాడు, బాపట్ల జిల్లాలు వెలసినవి. కనుక 1880 నాటి ఒంగోలు రైతు నెల్లూరు కాగితములలోను, అదే కాలపు నరసరావుపేట రైతు కృష్ణా కాగితములలోను ఉండును. మనిషి కదలలేదు, ఎల్లలు కదలినవి. సంవత్సరముల లెక్కయు ఇట్టిదే. రెవెన్యూవారు వ్రాయునది ఫసలీ. దానికి 590 కలిపినచో క్రీస్తుశకము వచ్చును. ఫసలీ 1272 అనగా 1862లో మొదలైన సాలు.

ఈ రెండును తెలిసిన పిమ్మట చూడదగిన వానిలో పాతవి గ్రామ కైఫీయతులు. కర్నల్ కాలిన్ మెకంజీ, కావలి సోదరుల సాయముతో, 19వ శతాబ్ది తొలి దశకములలో ఊరూర సేకరింపజేసిన వృత్తాంతములివి. తరువాత బ్రౌను దొర వీనికి నకళ్ళు వ్రాయించినాడు. ఊరు ఎవరు కట్టించినారు, కొండవీటి రెడ్లనాడు కరణిక మిరాశీ ఎవరికి దక్కినది, 1515లో శ్రీకృష్ణదేవరాయలు కొండవీడు గెలిచిన పిమ్మట ఏమి మారినది, గుడికి మాన్యమిచ్చినవారెవరు అను సంగతులు వీనిలో దొరకును. కాని చాలచోట్ల చెప్పినవాడు కరణము. తన మిరాశీ పురాతనమని నిలుపుకొనుట అతనికి అవసరము. అందుచేత అతని వంశము పొడవుగను, తక్కిన ఊరు పొట్టిగను కనబడును. పోలేరమ్మ కొలుపునకు డప్పు కొట్టినవాని తాత పేరు అతనికి జ్ఞాపకమునకు రాలేదు.

1858లో ఏర్పడిన ఇనాము కమీషను రిజిస్టర్లు ఇంతకంటె గట్టివి. మాన్యము ఎవరిచ్చినారు, మొదట పుచ్చుకొన్నవాడెవడు, ఇప్పుడు అనుభవించువాని పేరు, వయస్సు, వారికి గల బంధుత్వము అను గడులు వానిలో కలవు. అర్చకులకు, కరణములకు మాత్రమే కాదు. చాకలి, మంగలి, కుమ్మరి, వెట్టివాడు మున్నగు ఊరి సేవకులకును సేవా మాన్యములుండెను. ఆ కుటుంబములవారు ఈ పుటలు తప్పక తిరుగవేయవలయును. ఒక్క పుటలో మూడు తరములు దొరకుట కద్దు. పట్టాదారుల సంతతివారికి డైగ్లాటు, అడంగలు దారి చూపును. ఏ సర్వే నంబరులో పత్తి వేసినారో, మిరప వేసినారో, జొన్న చల్లినారో అడంగలు చెప్పును.

ఈ రెవెన్యూ లెక్కలలో స్త్రీల పేర్లు అరుదు. వారిని సబ్ రిజిస్ట్రారు కచేరీలో వెదుకవలయును. 1864 చట్టము మొదలు స్థిరాస్తి దస్తావేజులు రిజిస్టరగుచున్నవి. ఒకటవ పుస్తకమును, పేర్లవారీ సూచికను రుసుము చెల్లించి ఎవరైనను చూడవచ్చును. పసుపుకుంకుమల క్రింద కూతురికిచ్చిన ఎకరము, వితంతువునకు వ్రాసిన మనోవర్తి, బిడ్డలు లేని యింట జరిగిన దత్తత అచ్చట బయటపడును. డైగ్లాటులో ఎన్నడును కానరాని అవ్వ, తన పొలము అమ్మినపుడు వేసిన వేలిముద్రతో అచ్చట ప్రత్యక్షమగును.

ఒక్కొక్కచోట దారి చటుక్కున తెగిపోవును. 1832-33 నాటి నందన కరువులో గుంటూరు జిల్లా సుమారు 5 లక్షల జనములో 1,50,000 మందికి పైగా కోల్పోయినదని అంచనా. మిగిలినవారిలో అనేకులు వలసపోయినారు. కరువునకు ముందరి లెక్కలో ఉండి తరువాతి లెక్కలో లేని పేరు కనబడినచో, అది గుమాస్తా మరపు కాకపోవచ్చును. అది ఒక యింటి కథ ముగిసిన గుర్తు కావచ్చును.

మరి సెంటు భూమియు లేనివారి మాట యేమి? పత్తి తీసిన చేతులకు, మిరపకాయ కోసిన చేతులకు పట్టా లేదు. పట్టా లేనివానికి లెక్కలో పేరు లేదు. ఇచ్చట కచేరీకంటె క్రైస్తవ సంఘముల పుస్తకములు మేలు. 1842లో హయ్యరు గుంటూరులోను, 1866లో క్లవు ఒంగోలులోను మిషను పని మొదలుపెట్టినారు. ధాత కరువులో బకింగుహాము కాలువ త్రవ్వకమున క్లవు వేలమందికి కూలి చూపినాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందినారు. వారిలో అధికులు మాదిగవాడలవారు. శిస్తు లెక్క ఎరుగని మనుష్యులకు, ఆడవారితో సహా, సంఘపు పుస్తకములో ఒక పేరు, ఒక ఊరు దక్కినవి. చరిత్రలో వారి తొలి సంతకము అదియే అనవచ్చును.

ఈ కాగితములకు ఆయువు తక్కువ. 1984లో కరణిక మునసబీలు రద్దైనప్పుడు తరతరముల దస్త్రములు చేతులు మారినవి. కొన్ని కచేరీలకు చేరినవి, కొన్ని అటకలెక్కినవి, కొన్నింటిని చెదలు తిన్నవి. 1918లో వేటపాలెములో వెలసిన సారస్వత నికేతనము పాత పత్రికలను కాపాడినట్లు, ఊరి దస్త్రములను కాపాడినవారు తక్కువ. అటకమీద కట్టలున్న యిండ్లవారు వానిని దులిపి చూచి, జిల్లా రికార్డు గదికో, ప్రాచీన పత్రాగారమునకో చేర్చుట మేలు. అందులో ఒక్క వంశము కాదు, ఊరంతయు ఉండవచ్చును.

కచేరీకి బయలుదేరుటకు ముందు చేయవలసిన పని ఒకటి కలదు. ఇంటిలోని ముసలమ్మ దగ్గర కూర్చుండి, ఆమె పుట్టినిల్లు, ఆమె తల్లి పుట్టినిల్లు, పురుళ్ళు పోసిన మంత్రసాని పేరు అడిగి వ్రాసికొనవలయును. ఆ మాటలు ఏ రిజిస్టరులోను లేవు. బీరువాలోని పుట రేపును ఉండవచ్చును. ఆమె మాట నేడే వినవలయును.