క్లిక్కులే కాదు.. బీపీ కూడా చూసుకోండి!

పండుగల సీజన్‌లో 34 ఏళ్ల యువకుడు మా ఓపీకి వచ్చాడు. డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగం. పగలంతా పోస్టులు, రీల్స్, క్లయింట్ల ఫోన్లు. ప్రకటనకు ఎన్ని క్లిక్కులు వచ్చాయో, బడ్జెట్ ఎంత ఖర్చయిందో అర్ధరాత్రి దాటాక కూడా చూసుకోవాల్సిందే.

'తలనొప్పి సార్. కంప్యూటర్ చూసీ చూసీ వస్తోంది. కళ్లజోడు మార్చినా తగ్గలేదు' అన్నాడు. రెండు నెలలుగా మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు వేసుకుంటున్నాడు. బీపీ చూస్తే 170/110!

తలనొప్పికి బీపీయే కారణమని చెప్పలేం. చాలామందిలో అధిక రక్తపోటుకు ఏ లక్షణమూ ఉండదు. గుండె, మెదడు, కిడ్నీలను లోలోపలే దెబ్బతీస్తుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, కిడ్నీలకూ చేటు చేస్తాయి. తరచూ వాడితే ఆ మాత్రల వల్లే తలనొప్పి రావొచ్చు. మామూలుగా నిద్రలో బీపీ తగ్గుతుంది. నిద్ర చాలకపోతే ఆ ఊరట కూడా దక్కదు.

ఏం చేయాలి?

* ఏడాదికోసారైనా బీపీ చూపించుకోండి. 30 దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ పరీక్షలు ఉచితం.
* పరీక్షకు అరగంట ముందు నుంచి టీ, కాఫీ, సిగరెట్ వద్దు. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోండి.
* వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే వైద్యులను కలవండి.
* ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటనివ్వొద్దు. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవండి.
* రాత్రి డ్యూటీని టీమ్‌లో వంతులుగా పంచుకోండి.

ప్రకటనల అంకెలు రోజుకు పదిసార్లు చూసేవారు సొంత బీపీ అంకె ఎంతో తెలుసుకోకపోతే ఎలా?