ఆరు ఎలా తప్పించుకుంది?

కంప్యూటరు మీద ఒక చిన్న ఆట తయారుచేద్దాం, రండి! తెర మీద అయిదు బుడగలు వరుసగా తేలుతుంటాయి. ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క అంకె ఉంటుంది. మీట నొక్కగానే సరిసంఖ్యలున్న బుడగలన్నీ 'టప్' మని పేలిపోవాలి. బేసిసంఖ్యల బుడగలు మాత్రం మిగలాలి. ఇంతే ఆట!

మొదటిసారి బుడగలకు 7, 4, 9, 8, 5 అనే అంకెలు వేశారు. మీట నొక్కారు. 4, 8 పేలిపోయాయి. 7, 9, 5 మిగిలాయి. భేష్! ఇక స్నేహితుణ్ణి పిలిచి గొప్పగా చూపించబోయారు. ఈసారి అంకెలు 7, 4, 6, 9, 8. మీట నొక్కారు. 4 పేలింది. 8 పేలింది. 6 మాత్రం చెక్కుచెదరకుండా తేలుతూనే ఉంది!

ఆరు సరిసంఖ్య కాదా? కంప్యూటరుకు ఆమాత్రం లెక్క రాదా? వస్తుంది. అది మీరు చెప్పింది చెప్పినట్టే చేసింది. మరి 6 ఎలా తప్పించుకుంది? ఆ దొంగను పట్టుకుందాం.

అగ్గిపెట్టెల వరుస

ఇలాంటి ఆటలు రాయడానికి ఇప్పుడు ఎంతోమంది విద్యార్థులు వాడుతున్న భాష పైథాన్. గైడో వాన్ రోసమ్ అనే డచ్చి దేశస్థుడు దీన్ని తయారుచేసి 1991లో విడుదల చేశాడు. ఎన్నో విషయాలను ఒకే పేరు కింద వరుసగా దాచుకునే ఏర్పాటు ఇందులో ఉంది. దాన్నే 'లిస్టు' అంటారు. లిస్టంటే వరుసగా పేర్చిన అగ్గిపెట్టెలనుకోండి. మన అయిదు అంకెలూ 'బుడగలు' అనే ఒక్క లిస్టులో ఉన్నాయి.

కొత్తవాళ్లు మొదట తడబడేది ఇక్కడే. అయిదో బుడగ కావాలని 5 అని రాస్తారు. వెంటనే ప్రోగ్రాము ఆగిపోయి, 'ఆ స్థానం లిస్టు హద్దులో లేదు' అని చెబుతుంది. ఎందుకంటే పైథాన్ లెక్క సున్నాతో మొదలవుతుంది. అయిదు బుడగల స్థానాలు 0, 1, 2, 3, 4. మొదటి పెట్టె నుంచి ఎన్ని పెట్టెలు దాటి వెళ్లాలో ఈ సంఖ్య చెబుతుందన్నమాట. మొదటి దాని కోసం ఏదీ దాటనక్కరలేదు కదా! అన్ని భాషలూ ఇలాగే లెక్కించవు. 1957లో వచ్చిన ఫోర్ట్రాన్ భాషలో వరుస 1తో మొదలయింది. సున్నాతో మొదలుపెట్టడమే మేలని వాదిస్తూ ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అనే శాస్త్రజ్ఞుడు 1982లో ఒక చిన్న వ్యాసమే రాశాడు.

ఈ తప్పును చూసి భయపడకండి. ఇది నోరున్న తప్పు. ఏ పంక్తిలో జరిగిందో కూడా చెప్పి మరీ ఆగుతుంది. మన 6 సంగతి అలా కాదు. ప్రోగ్రాము ఆగలేదు, ఫిర్యాదు చేయలేదు. నోరులేని తప్పులే ప్రమాదం సుమా!

మీరే కంప్యూటరు కండి

కాగితం, పెన్సిలు తీసుకోండి. మీరు కంప్యూటరుకు ఇచ్చిన ఆజ్ఞ ఇది: 'ఒక్కొక్క స్థానానికీ వరుసగా వెళ్లు. అక్కడ సరిసంఖ్య ఉంటే తీసెయ్యి. తరువాతి స్థానానికి వెళ్లు.' దీన్ని అక్షరాలా పాటించి చూడండి.

స్థానం 0: అక్కడ 7 ఉంది. బేసిసంఖ్య. వదిలేయండి.

స్థానం 1: అక్కడ 4 ఉంది. తీసేయండి. ఇప్పుడు వరుస 7, 6, 9, 8.

ఆగండి! ఏం జరిగిందో గమనించారా? 4 పోగానే ఖాళీ నింపడానికి వెనుకవన్నీ ఒక్కొక్క అడుగు ముందుకు జరిగాయి. స్థానం 2లో ఉన్న 6 ఇప్పుడు స్థానం 1లోకి వచ్చింది. కాని మీరు వెళ్లవలసింది స్థానం 2కు. అక్కడ ఉన్నది 9! 6ను మీరు చూడనే లేదు. రేషను షాపు క్యూలో ఒకరు తప్పుకోగానే వెనుకవాళ్లు ముందుకు జరుగుతారు చూడండి, అచ్చం అలాగే.

మరి మొదటిసారి ఆట సరిగ్గా ఎలా ఆడింది? అప్పుడు కూడా 4 వెనుక ఉన్న 9ని కంప్యూటరు చూడలేదు. అది బేసిసంఖ్య కాబట్టి మీ తప్పు బయటపడలేదు, అంతే! రెండు సరిసంఖ్యలు పక్కపక్కన వచ్చినప్పుడే ఈ తప్పు కనిపిస్తుంది. ఒకసారి సరైన జవాబు వచ్చినంత మాత్రాన ప్రోగ్రాము సరైనదని నమ్మకూడదు.

దిద్దడం ఎలా?

రెండు దారులున్నాయి. మొదటిది: పాత లిస్టును ముట్టుకోవద్దు. దాన్ని చూస్తూ, మిగలవలసిన బుడగలను కొత్త లిస్టులోకి చేర్చండి. రెండోది: వెనుక నుంచి ముందుకు రండి. అలా వస్తే ఏది తీసేసినా, ముందుకు జరిగేవన్నీ మీరు అప్పటికే చూసేసినవే. చూడనివి కదలవు. 8, 9, 6, 4, 7 అని చూసుకుంటూ వస్తే 7, 9 మాత్రమే మిగులుతాయి.

అయితే రెండో దారిలో ఇంకో గోతి ఉంది. 'మళ్లీ ఆడు' మీట కోసం, బుడగలు పేల్చకముందే 'పాతవి' అనే పేరుతో లిస్టును దాచుదామనుకుంటారు. 'పాతవి = బుడగలు' అని రాస్తారు. తీరా మీట నొక్కితే పేలిన బుడగలు తిరిగి రావు! ఇంట్లో 'చిన్నా' అని పిలిచే కుర్రాడు బడి హాజరుపట్టీలో 'వెంకటేశ్వరరావు' అయితే వాళ్లు ఇద్దరా? చిన్నాకు గుండు చేయిస్తే వెంకటేశ్వరరావుకు జుట్టు మిగులుతుందా? అలాగే ఇక్కడ పేర్లు రెండు, లిస్టు ఒకటే. నిజంగా రెండో ప్రతి కావాలంటే దాన్ని 'కాపీ' చెయ్యమని ప్రత్యేకంగా ఆజ్ఞ ఇవ్వాలి.

చూశారా! ఈ తప్పులేవీ లెక్క రాక జరిగినవి కావు. మనం చెప్పామనుకున్నదానికీ, నిజంగా చెప్పినదానికీ మధ్య ఉన్న తేడా వల్ల జరిగినవి. ఆ తేడా తెర వంక గుడ్లప్పగించి చూస్తే దొరకదు. ఒక్కొక్క అడుగూ కాగితం మీద వేసి చూస్తే దొరుకుతుంది.

మీరూ చేసి చూడండి: ఆరు చీటీల మీద 2, 4, 6, 8, 10, 12 రాసి వరుసగా పేర్చండి. మన పాత తప్పుడు ఆజ్ఞనే పాటిస్తూ మొదటి నుంచి సరిసంఖ్యలు తీసేయండి. ఒక్కటీ మిగలకూడదు. మరి ఎన్ని మిగిలాయి?

(జవాబు: మూడు. అవి 4, 8, 12.)