గాలి మారితే ఎక్కడ నిలబడాలి

మెల్‌బోర్న్ పడమటి అంచున మేముండే పేటలో ఇల్లంటుకుందని ఎవరైనా అత్యవసర నంబరు 000కి ఫోన్ చేశారనుకోండి. వచ్చే ఫైరింజన్లలో ఒకదాంట్లో జీతానికి పనిచేసేవాళ్లు ఒక్కరూ ఉండరు. బండి నడిపేది ఒక ప్లంబరు. పక్క సీట్లో రేడియో పట్టుకున్నావిడ బడి పంతులమ్మ. వెనక సీట్లో హెల్మెట్ బిగించుకుంటున్నది నేను. పుట్టింది వినుకొండ దగ్గర పల్లెలో, పగలంతా చేసేది ఆఫీసులో జమాఖర్చుల పని.

విక్టోరియా రాష్ట్రంలో పల్లెలూ పొలాలూ ఊరి శివార్లూ కంట్రీ ఫైర్ అథారిటీ చేతిలో ఉంటాయి. అందరం సీఎఫ్‌ఏ అంటాం. సుమారు 1200 బ్రిగేడ్లు, 50 వేల మంది దాకా వాలంటీర్లు. మంటల దగ్గరికి వెళ్లేవాళ్లతో పాటు వెనక ఉండి పని చూసేవాళ్లూ ఈ లెక్కలోనే. నగరం లోపల ఉద్యోగులతో నడిచే సంస్థ వేరు; 2020 జులైలో రెంటినీ పూర్తిగా విడదీశారు. 1939 జనవరిలో ఇక్కడ కార్చిచ్చులు చెలరేగి 71 మంది చనిపోయారు. జడ్జి స్ట్రెటన్ దాని మీద విచారణ జరిపారు. ఎక్కడికక్కడ విడిగా ఉన్న గ్రామ దళాలన్నీ ఒకే మాట మీద నడవాలన్న ఆలోచన అప్పటి నుంచీ ఉంది. 1943-44 వేసవిలో మళ్లీ ప్రాణాలు పోయాక, 1945లో సీఎఫ్‌ఏ మొదలైంది.

నాకిది పరాయి సంగతిగా అనిపించలేదు. మా ఊళ్లో గడ్డివామి అంటుకుంటే ఎవరూ పిలవకుండానే ఊరంతా కదిలేది. ఆడవాళ్లు బిందెలతో, మగవాళ్లు వేపమండలతో, బావి నుంచి వామి దాకా వరసగా నిలబడి నీళ్లందించేవాళ్లు. టౌను నుంచి ఫైరింజను వచ్చేసరికి పక్కిళ్ల కప్పులన్నా నిలబడేవి. ఇక్కడ కంచె అవతల కనుచూపు మేర ఎండుగడ్డి చూసినప్పుడు, ఇది తగలబడితే కదిలే ఊరేదని వెతుక్కున్నాను. ఆ ఊరు మా వీధి చివరి షెడ్డులో ఉంది. ఎర్ర ట్రక్కు పక్కన, ఆదివారం పొద్దున పైపులు చుట్టుకుంటూ.

కోర్సు పేరు జనరల్ ఫైర్‌ఫైటర్. పాఠాలు ఇంట్లో కంప్యూటర్ మీద చదువుకోవచ్చు, చేతిపని మాత్రం స్టేషన్లోనే నేర్వాలి. కొన్ని నెలలు పడుతుంది. మొదట బట్టల గురించి చెప్తారు. పసుపుపచ్చ కోటు కింద వేసుకునేది నూలు గానీ ఉన్ని గానీ అయ్యుండాలి. పాలిస్టర్ అయితే సెగకి కరిగి చర్మానికి అతుక్కుంటుంది. గాజులూ గొలుసులూ తీసి ఇంట్లోనే పెట్టి రావాలి. తర్వాత పైపు. 38 మిల్లీమీటర్లది ఒక్కరు పట్టుకోగలరు. 64దాంట్లోకి నీళ్లు వదిలితే వెనక ఇంకొకరు భుజం ఆనించాల్సిందే. నాజిల్ మెల్లగా తెరవాలి, అంతకంటే మెల్లగా మూయాలి. టక్కున మూస్తే పరిగెత్తుకొస్తున్న నీరు వెనక్కి తన్ని పంపునీ పైపునీ పాడుచేస్తుంది.

ఇవన్నీ వారాల్లో వచ్చేస్తాయి. గాలి సంగతి అలా కాదు. శిక్షణంతటికీ ప్రాణం అదే, దాన్ని ఒకసారి నేర్చుకుని వదిలేయడానికి లేదు. గడ్డిలో అంటుకున్న నిప్పుకి మడమ, పక్కలు, తల ఉంటాయని చెప్తారు. పుట్టిన చోటు మడమ, గాలి తోసుకెళ్లే కొస తల. వేసవిలో ఇక్కడ భయపెట్టేది ఎడారి మీదుగా ఉత్తరం నుంచి వచ్చే వడగాడ్పు. అది నిప్పుని దక్షిణానికి పొడుగ్గా లాక్కుపోతుంది. తల ఇరుగ్గానే ఉంటుంది, పక్కలు కిలోమీటర్ల పొడుగున సాగుతాయి. సాయంత్రానికి నైరుతి నుంచి చల్లగాలి దిగుతుంది. ఇళ్లలో జనం అమ్మయ్య అనుకుంటూ కిటికీలు తీసే సమయం. నిప్పు దగ్గర ఉన్నవాళ్లకి అదే గండం. అప్పటిదాకా మందకొడిగా ఉన్న తూర్పు పక్క మొత్తం ఒక్కసారిగా తల అయిపోతుంది. పది కిలోమీటర్ల పొడుగున్న పక్క పది కిలోమీటర్ల వెడల్పు మంటై ముందుకొస్తుంది.

2009 ఫిబ్రవరి 7న మెల్‌బోర్న్‌లో 46.4 డిగ్రీల ఎండ కాసింది. ఆ సాయంత్రం గాలి తిరిగింది. ఆనాటి మంటలకు 173 మంది బలయ్యారు. అంతకు ముందు, 1998 డిసెంబర్ 2న బల్లరాట్‌కి పడమర లింటన్ దగ్గర అడవి కాలుతుంటే ఆర్పడానికి వెళ్లిన జీలాంగ్ వెస్ట్ బ్రిగేడ్ వాలంటీర్లు ఐదుగురు ఒకే ట్రక్కులో చనిపోయారు. గాలి మారేసరికి వాళ్ల బండి మంటకి పక్కగా, ఇంకా కాలని చెట్ల మధ్య ఉంది. గాలి మారితే కాలబోయే అలాంటి చోటుని ఇక్కడివాళ్లు డెడ్ మ్యాన్ జోన్ అంటారు. కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ లింటన్ కథ చెప్తారు. తప్పెవరిదని తేల్చడానికి కాదు. నువ్వు నిలబడ్డ చోటు ఇప్పటికే కాలిందా, ఇంకా కాలాలా అని నిమిషనిమిషానికీ చూసుకోవడం అలవాటు కావడానికి. ట్యాంకర్లో నీళ్లు అడుగంటా వాడకూడదు, మనల్ని మనం కాపాడుకోవడానికి కొంత మిగలాలి. ఈ పాఠం ఖరీదు ఐదు ప్రాణాలు. అందుకే మా కెప్టెన్ దీన్ని చెప్పేటప్పుడు గొంతు పెంచడు, తొందరపడడు.

వేసవి ముందు ఏటా ఒక కసరత్తు చేయించి తీరతారు. మంట చుట్టుముట్టిందనుకుని ట్రక్కులో తలదాచుకోవడం. కేక వినగానే పైపు వదిలేసి క్యాబిన్లోకి ఎక్కాలి. అద్దాలు, గాలి కంతలు మూయాలి. వెండిరంగు తెరలు కిందికి లాగాలి. బండి చుట్టూ నీళ్లు చిమ్మే స్ప్రే వేయాలి. రేడియోలో మేము ఆపదలో ఉన్నామని చెప్పాలి. ఆపైన కిటికీ మట్టానికి కిందకి వంగి, ఉన్ని దుప్పటి కప్పుకుని కూర్చోవాలి. లోపల చీకటి, ఊపిరాడనంత ఉక్క. ఐదుగురి మోకాళ్లు ఒకదానికొకటి తగులుతుంటాయి. క్రూ లీడర్ ఒక్కొక్కరి పేరూ పిలుస్తుంది, ఒక్కొక్కరం పలుకుతాం. ఉత్తుత్తి మంటే అయినా పేరు పలికేటప్పుడు నా గొంతు పొడిబారుతుంది. పలకని పేరు ఒక్కటున్నా ఎవరో ఒకరు మళ్లీ తలుపు తీయాల్సి వస్తుంది, అందుకే ఆ హాజరు.

పేజరు మోగినప్పుడు ఇంట్లో నేను చేసే మొదటి పని పొయ్యి కట్టేయడం. మా అత్తగారు ఇక్కడున్న రోజుల్లో "పోపు సంగతి నేను చూస్తాలే, నువ్వెళ్లమ్మా" అనేవారు. చిన్న తెర మీద అడ్రసు, ఏం జరిగిందో నాలుగు ముక్కలు, ఎంత తొందరో చెప్పే కోడు ఉంటాయి. స్టేషన్ దాకా మా సొంత కారుకి సైరన్ లేదు, ఎర్ర సిగ్నల్ దగ్గర అందరిలాగే ఆగాలి. పిలుపులన్నీ మంటలకే రావు. కారు ప్రమాదాలు, గోదాముల్లో ఊరికే మోగిన అలారాలు, చెత్తకుప్పలు కూడా ఉంటాయి. ఊరికే మోగినదానికి వెళ్లి రావడం వృథా అని నేనెప్పుడూ అనుకోను. వెళ్లి చూస్తేనే కదా ఊరికే మోగిందని తెలిసేది.

గడ్డిమంట మాత్రం వేరు. పూర్తిగా ఎండిన బీడులో అది గంటకి 25 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగలదు. మనిషి ఎంత పరిగెత్తినా దాన్నుంచి తప్పించుకోలేడు. ఓ జనవరి మధ్యాహ్నం హైవే పక్కన అంటుకున్న చోటికి వెళ్లాం. ట్రెయిలర్ గొలుసు రోడ్డుకి రాసుకుని రవ్వలు పడ్డాయేమోనని తర్వాత అనుకున్నారు. మడమ దగ్గర నుంచి మొదలుపెట్టాం. ట్రక్కు కాలిన నేల మీదే నడుస్తుంది, మేము వెనక నిలబడి పక్కనున్న మంటని కొట్టుకుంటూ పోతాం, వెనకాల ఇంకో ట్యాంకరు. ఈ మైదానమంతా పాత లావా నేల, గడ్డిలో నల్లరాళ్లు కనపడవు. డ్రైవరు బండిని అడుగడుగూ చూసుకుంటూ పోనివ్వాలి. తలకి ఎదురెళ్లడం మా పని కాదు. రెండు పక్కలా నొక్కుకుంటూ పోతే తల సన్నబడి చివరికి రోడ్డు దగ్గర చచ్చింది.

మంట కనపడింది కాసేపే. అసలు పని ఆ తర్వాత, గంటల తరబడి. బూడిదలో ఇంకా నిప్పెక్కడుందో వెతకడం. గ్లవ్ తీసి, చేతిని మడిచి, వేళ్ల వెనక భాగాన్ని నేలకి దగ్గరగా పోనిచ్చి సెగ చూస్తాం. కంచె గుంజల మొదళ్లు లోపల్లోపల రాజుకుంటుంటాయి, పైకి ఏమీ తెలియదు. ఆవులు మేసిన బీడైతే ఎండిన పేడ కూడా చూడాలి. పిడక నిప్పు ఎంతసేపు నిలుస్తుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పళ్లపారలాంటి రేక్‌హోతో తిరగేసి, నీళ్లు పోసి, మళ్లీ చెయ్యి పెట్టి చూస్తాను. రాత్రి గాలి లేస్తే ఒక్క పేడకడి చాలు, మళ్లీ అంతా మొదలు. ఈ ఓపిక పనంటే నాకు చాలా ఇష్టం. ఆర్పడమంటే నా దృష్టిలో ఇదే.

మనవాళ్ల ఇళ్ల గురించి ఒక మాట చెప్పాలి. పోపు పొగకి మోగుతోందని స్మోక్ అలారానికి ప్లాస్టిక్ సంచి చుట్టి టేపు వేసిన ఇళ్లు చూశాను. దయచేసి తీసేయండి. వంటింటికి కొంచెం దూరంగా, ఫోటోఎలక్ట్రిక్ రకం పెట్టించుకుంటే పోపుకి అంతగా మోగదు. నిద్రలో పొగ మనల్ని లేపదు, ఇంకా మత్తులోకి దించుతుంది. లేపేది ఆ అలారమే. మూకుట్లో నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి. నీరు అడుక్కి పోయి ఆవిరై, మండుతున్న నూనెని కప్పుదాకా ఎగజిమ్ముతుంది. పొయ్యి కట్టేసి, మూత పెట్టి, కదపకుండా వదిలేయండి. మంట పెద్దదైతే అందరూ బయటికొచ్చి 000కి చేయండి. దేవుడి గదిలో దీపం వెలుగుతుండగా ఇల్లు వదిలి వెళ్లకండి. ఇది హైదరాబాద్ ఫ్లాట్లకీ వర్తిస్తుంది, ఫోన్ చేయాల్సిన నంబరు అక్కడ 101.

ఈ పనికి జీతం లేదు. ఉద్యోగం మధ్యలో పిలుపొస్తే వెళ్లడానికి ఫెయిర్ వర్క్ చట్టం జీతం లేని సెలవునిస్తుంది. దెబ్బ తగిలితే పరిహారం ఉంటుంది. చేరడానికి బలం, ఎత్తు అడగరు. 16 ఏళ్లు నిండాలి, శిక్షణకి క్రమం తప్పకుండా రావాలి. మంటల దగ్గరికి వెళ్లలేనివాళ్లకీ పనుంది. రికార్డులు రాయాలి, వేసవి ముందు ఇంటింటికీ వెళ్లి చెప్పాలి. మా పేటలో తెలుగు, పంజాబీ, హిందీ మాట్లాడే ఇళ్లెన్నో. ఇంగ్లీషు కరపత్రం చదవని పెద్దవాళ్లకి వాళ్ల భాషలో చెప్పే మనుషులు బ్రిగేడ్లలో చాలడం లేదు. వచ్చే ఉగాది సభలో ఒక బల్ల వేసుకుని కూర్చుంటాం. అలారంలో బ్యాటరీ ఎలా మార్చాలో, నూనె మంట మీద మూత ఎలా పెట్టాలో తెలుగులోనే చూపిస్తాం. మీ అత్తమామల్ని కూడా తీసుకురండి.