ఆకు పసరు ఎంతవరకు?

కిందటి దీపావళికి ముందు అమ్మ తెనాలి నుంచి కౌలాలంపూర్‌లోని మా ఇంటికి వచ్చింది. వచ్చిన వారానికే సంతలో పెగాగా కట్టలు చూసి సంబరపడిపోయింది. ‘‘ఇది మన సరస్వతాకు కదరా! గట్ల మీద దానంతటదే మొలిచేది, ఇక్కడ డబ్బిచ్చి కొంటున్నారా?’’ అంది. మలయ్‌లు దాన్ని పచ్చిగానే అన్నంలో నంజుకుంటారని, రసం తీసి తాగుతారని చెబితే ఇంకా మురిసిపోయింది.

పది రోజుల తర్వాత కొత్త చెప్పు ఒరుసుకుని అమ్మ మడమ మీద పుండు పడింది. మాకు చెప్పలేదు. సరస్వతాకు, పసుపు కలిపి నూరి, పాత చీర ముక్కతో కట్టుకుంది. అమ్మకు 14 ఏళ్లుగా షుగర్. పాదాల్లో స్పర్శ తగ్గింది కాబట్టి నొప్పి తెలియలేదు. ఐదో రోజు వాసన వస్తుంటే మా ఆవిడ పట్టుకుంది.

డాక్టర్ చీము శుభ్రం చేసి, యాంటీబయాటిక్స్ రాశారు. ‘‘ఇంకో వారం ఆగితే ఎముకదాకా పోయేది’’ అన్నారు. అమ్మ ముఖం చిన్నబోవడం చూసి, ‘‘ఆకు మంచిదేనమ్మా, వాడిన తీరే తప్పు’’ అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను చదవడం మొదలుపెట్టాను.

సరస్వతాకులో ఏషియాటికోసైడ్, మడెకాసోసైడ్ అనే పదార్థాలున్నాయి. గాయం పూడాలంటే కావాల్సిన కొల్లాజెన్ తయారీని అవి పెంచుతాయి. ఈ ఆకు సారంతో చేసిన ‘మడెకాసాల్’ మందు ఫ్రాన్స్‌లో దశాబ్దాల కిందటే వచ్చింది. మలేసియాలోనూ మలయా విశ్వవిద్యాలయం వంటి చోట్ల స్థానిక మొక్కల సారాలను ఎలుకల గాయాలపై పరీక్షించారు. మన ఊళ్లలో దెబ్బ తగిలితే పిండే గడ్డిచేమంతి మీదా పరిశోధనలు జరిగాయి. దానికి ‘గాయపాకు’ అనే పేరు ఊరికే రాలేదు!

అయితే పసరు వేరు, సారం వేరు. ప్రయోగశాలలో ఆకును కడిగి, ఆరబెట్టి, పొడిచేసి, ఆల్కహాల్‌లోనో నీళ్లలోనో నానబెట్టి, వడగట్టి, ఆ ద్రవాన్ని ఆవిరి చేస్తారు. మిగిలిన సారాన్ని కొలత ప్రకారం లేపనంలో కలుపుతారు. మన రోట్లో నూరిన ముద్దలో ఆ కొలత ఉండదు. మట్టి, సూక్ష్మజీవులు మాత్రం ఉండొచ్చు. మట్టిలో ధనుర్వాతం క్రిమి కూడా ఉంటుంది.

ఇంకో సంగతి. ఎలుక చర్మం వదులుగా ఉంటుంది. గాయం అంచులు దగ్గరికి ముడుచుకుని త్వరగా మూసుకుపోతుంది. మనుషుల్లో కొత్త కణజాలం పెరిగి గాయం పూడాలి. అందుకే ఎలుకలో బాగా పనిచేసిందంటే మనకూ అంతే పనిచేస్తుందని అనుకోలేం. షుగర్ ఉన్నవారికి రక్తప్రసారం తగ్గి గాయం మానడమే కష్టం. 2023 జాతీయ ఆరోగ్య సర్వే ప్రకారం మలేసియాలో పెద్దల్లో 15.6 శాతం మందికి మధుమేహం ఉంది. అంటే ఇంచుమించు ఆరుగురిలో ఒకరికి.

ఇక్కడ మూలికా లేపనాలు కొనేటప్పుడు డబ్బా మీద ‘ఎంఏఎల్’తో మొదలై ‘టి’తో ముగిసే రిజిస్ట్రేషన్ నంబరు చూడండి. సంప్రదాయ ఔషధంగా నమోదైందని దాని అర్థం. నాణ్యత, భద్రత చూశారన్నమాటే తప్ప, పుండు మానుస్తుందని హామీ కాదు.

అమ్మ పుండు మానడానికి ఏడు వారాలు పట్టింది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే పాస్‌పోర్టు, మందులతోపాటు వాళ్ల పాదాలు కూడా ఒకసారి చూడండి. ఇంట్లోనూ మెత్తని చెప్పులు వేయించండి. చిన్న పుండైనా, షుగర్ ఉంటే ఆ రోజే డాక్టర్‌కు చూపించండి.

తెనాలి వెళ్లాక కూడా అమ్మ రోజూ రాత్రి అద్దం పెట్టుకుని అరికాళ్లు చూసుకుంటోంది. మొన్న వీడియో కాల్‌లో, ‘‘సరస్వతాకు మానలేదురా, పచ్చడి చేశాను’’ అని నవ్వింది.