రంగూనులో గోంగూర

పొట్ట చేతపట్టుకొని పరదేశం వెళ్లిన మనిషి ముందుగా వెతుక్కొనేవి మూడు: పని, తలదాచుకొనే చోటు, తన భాష మాట్లాడే తోడు. ఈ మూడూ సమకూరిన తరువాత కూడా ఒక వెలితి మిగిలిపోతుంది. అది నాలుకకు అలవాటైన రుచి. తెలియని నగరంలో తెలిసిన వంట ఒక్క ముద్ద దొరికినా మనసు కుదుటపడుతుంది. తెలుగువారి వలసల చరిత్రలో ఇందుకు చక్కని నిదర్శనం బర్మాలోని రంగూను.

1852లో జరిగిన రెండవ ఆంగ్ల-బర్మా యుద్ధంతో రంగూను ఆంగ్లేయుల వశమైంది. ఐరావతీ నది డెల్టాలో వరిసాగు విస్తరించింది. 1869లో సూయజ్ కాలువ తెరచిన పిమ్మట బియ్యం ఎగుమతులు పెరిగి, రేవులోను, బియ్యపు మిల్లులలోను కూలీల అవసరం ఎక్కువైంది. శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుండి వేలాదిమంది ఓడలెక్కి బంగాళాఖాతం దాటారు. కాకినాడ సమీపంలోని కోరంగి రేవు పేరు మీదుగా వారిని అక్కడ ‘కోరంగీలు’ అని పిలిచేవారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను నగరవాసులలో సగానికి పైగా భారతీయులే.

బర్మాలోనూ వరి అన్నమే ప్రధానాహారం. కనుక అన్నానికి కొదువ లేదు. అందులో కలుపుకొనేదే కావాలి. బర్మీయులు చేపలను, రొయ్యలను ఉప్పుతో పులియబెట్టి ముద్దగా చేసి, దానిని కూరలలో వాడుతారు. దాని ఘాటైన వాసన కొత్తవారికి ఒక పట్టాన మింగుడుపడదు. అయితే ఆ దేశపు అంగళ్లలో ఎర్రని కాడలు గల పుల్లని ఆకుకూర ఒకటి కట్టలుకట్టలుగా అమ్ముతారు. బర్మీయులు దానిని ‘చిన్‌బాంగ్’ అంటారు. రొయ్యలతోనో, వెదురు మొలకలతోనో వండుకొంటారు. అది మన గోంగూరే, తెలంగాణవారి పుంటికూరే. మాట తెలియని అంగడిలో ఆ ఆకు చిరపరిచితమైన బంధువువలె పలకరిస్తుంది.

గోంగూర శ్రమజీవికి అనుకూలమైన కూర. వెల తక్కువ. ఆకును నూనెలో మగ్గించి, వేయించిన మిరపకాయలు, ఉప్పు చేర్చి నూరితే పచ్చడి సిద్ధమవుతుంది. పులుపు, ఉప్పు, నూనె కలిసి ఉండడం వలన, తడి తగలకుండా చూసుకొంటే కొన్నాళ్లు నిలుస్తుంది. కొద్దిపాటి పచ్చడితోనే కంచెడు అన్నం తినవచ్చు. ఊరటకు మరొక కారణం కూడా ఉంది. వాసనను తెలిపే సంకేతాలు మెదడులో జ్ఞాపకాలకు, ఉద్వేగాలకు సంబంధించిన భాగాలను నేరుగా చేరుతాయి. అందుకే పోపు వాసన తగలగానే ఇల్లు కళ్లముందు నిలుస్తుంది.

అయితే రుచి ఇచ్చిన ఊరట భద్రతను ఇవ్వలేకపోయింది. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె వెనువెంట చెలరేగిన అల్లర్లలో అనేకమంది తెలుగు కూలీలు బలయ్యారు. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూనుపై బాంబులు కురిపించగా, 1942లో లక్షలాది భారతీయులు స్వదేశానికి తరలివచ్చారు. కొండలు, అడవులు దాటి కాలినడకన బయలుదేరినవారిలో వేలమంది దారిలోనే మరణించారు. 1964లో బర్మా ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేసినప్పుడు మరెందరో తిరిగివచ్చారు.

విచిత్రమేమంటే, అలా వచ్చినవారిలో బర్మాలో పుట్టి పెరిగినవారికి ఈ దేశమే కొత్త. వారికి బర్మా రుచులే ఇంటి రుచులు. చెన్నై వీధులలో నేటికీ అమ్మే ‘అతో’ అనే నూడుల్సు వంటకం వారు వెంట తెచ్చుకొన్నదే. చేతితో కలిపి చేసే వంటకాన్ని తెలిపే బర్మా మాట నుండి దానికి ఆ పేరు వచ్చింది.

నేడు చదువు కోసం విదేశాలకు వెళ్లే విద్యార్థుల పెట్టెలలోనూ పచ్చడి పొట్లాలు ఉంటాయి. అవి కొద్ది వారాలలో నిండుకొంటాయి. ఆ తరువాత అక్కడి అంగడికి వెళ్లక తప్పదు. ఇంటి రుచిని కోరుకోవడం ఎంత సహజమో, పరాయి అంగడిలోని కూరలను ఆదరంతో పరికించడం అంత అవసరం. రంగూనులో గోంగూర దొరికింది అలా పరికించినవారికే.