మునగ మొక్క, పసుపు గీత, వెలుగుతో వినే తీగ

కిందటి వసంతంలో మా హ్యూస్టన్ ఇంటి పెరట్లో మునగ మొక్క పెడదామని పార పట్టుకున్నాను. కంచె అవతలి నుంచి పక్కింటి పెద్దావిడ "811కి ఫోన్ చేశావా?" అని కేకేసింది. మునగ మొక్కకి ఫోనేమిటని నవ్వాను గానీ, చేశాను. డబ్బులేమీ అడగరు. రెండు రోజులకి మనుషులొచ్చి గడ్డి మీద పసుపు గీత గీసి వెళ్ళారు. నేను తవ్వబోయిన చోటికి రెండే అడుగులు. పసుపంటే గ్యాస్.

మా అమ్మమ్మగారిది కోనసీమ. ఆ గీత చూడగానే నగరం ఊరు గుర్తొచ్చింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున అక్కడ గ్యాస్ పైపు లీకై, మంటల్లో 20 మందికి పైగా పోయారు. టీ కొట్టులో పొయ్యి వెలిగించగానే అంటుకుందని అప్పట్లో పత్రికలు రాశాయి. ఇది మన దగ్గరే జరిగేది అనుకోకండి. 2010 సెప్టెంబర్ 9న కాలిఫోర్నియాలోని శాన్ బ్రూనోలో పైపు పేలి 8 మంది చనిపోయారు. గ్యాస్ ఆపడానికే గంటన్నర పట్టింది.

సహజవాయువుకి సొంతంగా వాసన ఉండదు. మన వంటింటికొచ్చే గ్యాస్‌లో ఆ కుళ్ళు వాసన కావాలని కలిపిందే. ఊళ్ళు దాటి పోయే పెద్ద లైన్లలో చాలాచోట్ల అదీ కలపరు. మరి లీకైతే ఎలా తెలియాలి?

ఇప్పుడు పైపు పక్కనే ఒక గాజు తీగ పాతిపెడుతున్నారు, మన ఇంటర్నెట్ ఫైబర్ లాంటిదే. ఒక చివర నుంచి లేజర్ వెలుగును చిన్న చిన్న తునకలుగా పంపుతారు. దారి పొడవునా ఆ వెలుగులో ఇసుమంత వెనక్కి చెదిరి వస్తుంది. కిలోమీటరు దూరం నుంచైతే, వెళ్ళి రావడానికి సెకనులో లక్షో వంతు పడుతుంది. ఆ సమయాన్ని బట్టి ఏ మీటరు దగ్గర తేడా ఉందో చెప్పేయొచ్చు. గునపం దెబ్బ పడినా, గ్యాస్ బుస్సుమన్నా తీగ అదురుతుంది, వెనక్కొచ్చే వెలుగు మారుతుంది. ఒత్తిడి మీదున్న గ్యాస్ బయటికొస్తే చుట్టూ మట్టి చల్లబడుతుంది. సైకిల్ ట్యూబు వాల్వు నొక్కితే చల్లగాలి రాదూ, అలా. ఆ చలిని పట్టేది రామన్ చెదరింపు. అవును, మన సి.వి. రామన్ 1928లో కనిపెట్టిందే. ఆయన బడికెళ్ళింది విశాఖపట్నంలో అని చెప్పకుండా ఉండలేను!

తీగకి దారి పొడవునా కరెంటు అక్కర్లేదు. కానీ అడవుల్లో, ఎడారుల్లో వాల్వుల దగ్గర పెట్టే పరికరాలకి కావాలి. ఊరికే బ్యాటరీలు మార్చలేక, పైపుకీ మట్టికీ ఉన్న వేడి తేడా నుంచో, పైపు అదురు నుంచో కాస్త కరెంటు పిండుకునే ప్రయత్నాలు జరుగుతున్నాయి.

అయితే ఈ తీగ సర్వరోగ నివారిణి కాదు. ట్రాక్టర్ వెళ్ళినా ఉలిక్కిపడుతుంది. నగరంలో పైపు లోపలి తడికి తుప్పు పట్టింది. తుప్పుకి చప్పుడుండదు కదా. దాన్ని కనిపెట్టడానికి పైపు లోపలే కొలుచుకుంటూ పోయే 'పిగ్' అనే యంత్రం పంపాల్సిందే. కన్నం పడ్డాక చెప్పే తీగ కన్నా, పడకముందు చూసే పిగ్‌కే నా ఓటు.

మునగ మొక్కని అవతలి మూల పెట్టాను. ఈ వేసవికి నడుమెత్తు వచ్చింది.